రెండో బోల్టు

కంచంలో అన్నం లేదు. బోల్టు తల ఉంది.

"తిను," అంది అత్తగారు.

కోడలు కంచం వంక చూసింది. బొటనవేలి గోరంత ఇనుప ముక్క. పైన ఆరు పలకలు, కింద తెగిన మెడ. పలకల మీద ఎర్ర రంగు గీత కాస్త మిగిలి ఉంది. రోడ్డు మీద పడి ఉన్నదాన్ని ఎవరో పుణ్యాత్ములు ఏరి తెచ్చిచ్చారు. నాలుగు రోజులుగా అది అత్తగారి చేతిరుమాలు మూటలోనే ఉంది. పడుకున్నా లేచినా వదల్లేదు. ఈ పొద్దున ఇలా తీసి వడ్డించింది.

"ఏం, సయించడం లేదా? నీ చేతి వంటేగా! ఈ ఇంట్లో ఎర్ర రంగు ఎవరిదమ్మా?"

"నాదే అత్తయ్యా."

"వినపడలేదు."

"నాదే."

"అయితే తిను. నా కొడుకు కాలే తిన్నావు, ఇదెంత నీకు?"

బల్లకు అటువైపు పెద్దోడు తలొంచుకుని తింటున్నాడు. పెద్దోడంటే ఈ ఇంటి పెద్దకొడుకు, ఆమె మొగుడు. ఇలాంటివాణ్ణి మొగుడనడానికి నాకు నోరు రావడం లేదు గానీ, పెళ్ళంటూ జరిగిపోయింది, ఏం చేస్తాం! నాలుగు రోజులుగా ఈ పెద్దమనిషి నోరు తెరిచిందల్లా ముద్ద పెట్టుకోవడానికే.

"ఏవండీ, మీరైనా చెప్పండి," అంది ఆమె. "బోల్టు వదులైతే ఊడి పడుతుంది. ఇది తెగింది. మోతాదు మించి లాగితేనే మెడ ఇలా సాగి తెగుతుంది. మీకు తెలియంది కాదుగా?"

పెద్దోడు నీళ్ళు తాగాడు. గ్లాసు దించి, దాని అడుగున ఏదో రాసి ఉన్నట్టు చూస్తూ కూర్చున్నాడు.

"వాణ్ణెందుకు లాగుతావు మధ్యలోకి? నోట్లో వేలు పెడితే కొరకలేడు వాడు." అత్తగారు లేచి గుమ్మం దగ్గరకు వెళ్ళింది. "ఇటు రా. ఇదిగో, వాడి చెప్పులు. రెండూ ఉన్నాయి. కుడిది ఉంచుతాను. ఎడమది తీసి పారెయ్. నాకు చేతులు రావడం లేదు."

"అత్తయ్యా..."

"పారెయ్ అన్నాను!"

కోడలు వంగి ఎడమ చెప్పు చేతిలోకి తీసుకుంది. మడమ దగ్గర అరిగి ఉంది. బండి స్టాండు ఎప్పుడూ ఆ కాలితోనే తన్నేవాడు. దాన్ని పట్టుకుని పెరటి తలుపు దాకా వెళ్ళింది. పారెయ్యలేక, తేలేక, అక్కడే నిలబడిపోయింది.

చిన్నోడు ఆ ఇంటి చిన్నకొడుకు. నాలుగు రోజుల కిందట పొద్దున్నే బండి తీసి వెళ్ళాడు. ముందు రోజు సాయంత్రం ఆ బండికి ముందు బ్రేకు పని చేసింది వదినే. పల్లంలో మలుపు దగ్గర బ్రేకు పట్టాడు. బ్రేకు కాలిపర్‌ను, అంటే చక్రాన్ని కరిచి ఆపే దవడను, ముందు ఫోర్కు కడ్డీకి పట్టి ఉంచే బోల్టులు రెండు. అందులో ఒకటి తెగింది. కాలిపర్ పక్కకు తిరిగి స్పోకుల్లో దూరింది. చక్రం ఉన్నపళంగా ఆగింది. మనిషి ఎగిరి పడ్డాడు, బండి కాలి మీద పడింది. నిన్న మధ్యాహ్నం డాక్టర్లు ఎడమ కాలు మోకాలి కింది నుంచి తీసేశారు.

ఇంట్లో అందరికీ బండ్ల పనే. ఇంటి వెనకే షెడ్డు. ఆ షెడ్డులో ఎవరు బోల్టు బిగిస్తే వాళ్ళు తమ రంగుతో బోల్టు తల మీంచి పక్కనున్న ఇనుము మీదికి ఒక సన్నని గీత గీయాలి. మామగారిది తెలుపు, పెద్దోడిది పసుపు, కోడలిది ఎరుపు. గీత పడ్డాక ఆ బోల్టుకు ఏమైనా ఆ చెయ్యిదే పూచీ. రూలు పెట్టింది మామగారే. ఇప్పుడు ఎర్ర గీత ఉన్న బోల్టు తెగింది. ఇంకేం కావాలి? తీర్పు చెప్పడానికి ఇంట్లో ఎవరికీ అరనిమిషం పట్టలేదు.

పెరట్లోంచి మామగారు వచ్చాడు. ఊరంతా ఆయన్ని మేస్త్రీ అనే పిలుస్తుంది. వంటింట్లో చేతులు కడుక్కుని కుళాయి కట్టేశాడు. కుళాయి కీచుమంది. ఈ ఇంట్లో ఆయన కట్టిన కుళాయిని ఇంకొకరు తిప్పలేరు, ఆయన మూసిన డబ్బా మూతను ఇంకొకరు తీయలేరు. అందుకే వంటగట్టు మీద గరిటెల పక్కన ఎప్పుడూ ఒక ప్లయరు ఉంటుంది. 'ఈయన మూసిన మూత తీయడానికి ఈయనే రావాలి' అని అత్తగారు ముప్పై ఏళ్ళుగా విసుక్కుంటూనే ఉంది. ఆ విసుగులో కాస్త గొప్ప కూడా ఉండేది.

"పొద్దున్నే ఏంటే ఈ గోల?" అన్నాడు మేస్త్రీ. గొంతు పెంచలేదు. పెంచడు కూడా. అరిచేవాళ్ళ దగ్గర ఎప్పుడో ఒకప్పుడు బయటపడొచ్చు, ఈ మెత్తని మనుషులతోనే చచ్చే చావు.

"వదులైతే తెగదంట! ఎక్కువ బిగిస్తేనే తెగుతుందంట! మీ కోడలు నేర్పిస్తోంది, నేర్చుకోండి."

"వదులైనా తెగుతుందమ్మాయ్," అన్నాడాయన కోడలితో. "అదురుకి ఆడీ ఆడీ తెగుతుంది. నలభై ఏళ్ళ నుంచి చూస్తున్నాను."

"నేను వదులుగా పెట్టలేదు మామయ్యా. పానా మీద అంకె చూసి పెట్టాను. టిక్ అన్నది."

"అన్నదేమోలే. ఆటబొమ్మ కదా, అంటుంది." తుండుతో చేతులు తుడుచుకున్నాడు. "నీ తప్పు కాదు. నీ చేతికి అది ఇచ్చినవాడి తప్పు. ఇచ్చినవాడే అనుభవిస్తున్నాడు."

ఈ మాటకు అత్తగారు కూడా ఒక్క క్షణం తలెత్తి చూసింది.

"అన్నం పెట్టవే ఆ పిల్లకి," అన్నాడు మేస్త్రీ. "తిన్నాక ఆ పానా తీసుకుని షెడ్డుకు రమ్మను."

కోడలు తినలేదు. చెప్పును పెరటి గోడ మీద, ఎండలో పెట్టి, పానా పెట్టె తీసుకుని షెడ్డుకు వెళ్ళింది.

* * *

ఆ పానా సంగతి చెప్పాలి. పిడి తిప్పి అంకె పెట్టుకుంటే చాలు, బోల్టు అంత బిగువుకు రాగానే చేతిలో 'టిక్' మంటుంది. చాలు, ఆపు అని దాని అర్థం. చిన్నోడే ఎక్కడి నుంచో తెచ్చి వదినకిచ్చాడు. ఆ రోజు నుంచీ ఆమెను 'టిక్కు వదినా' అని పిలవడం మొదలుపెట్టాడు. ఆమె దాన్ని పసిపిల్లలా చూసుకునేది. పని కాగానే పిడిని అన్నిటికన్నా చిన్న అంకెకు తిప్పి, మెత్తటి గుడ్డలో చుట్టి, పెట్టెలో పెట్టేది. దాంతో బిగించడమే తప్ప ఎవరినీ విప్పనిచ్చేది కాదు. విప్పితే లోపలి స్ప్రింగు దెబ్బతిని అబద్ధాలు చెప్పడం మొదలుపెడుతుంది.

మేస్త్రీకి అదంటే ఒళ్ళుమంట. అంతకుముందు బండి షెడ్డు దాటాలంటే బోల్టు బోల్టుకూ ఆయన ఆఖరి లాగుడు ఒకటి పడాల్సిందే. పానాకు మూరెడు గొట్టం తొడిగి, కళ్ళు మూసుకుని, ఒళ్ళంతా బరువేసి లాగేవాడు. జనం దానికి 'పెద్ద చెయ్యి' అని పేరు పెట్టారు. 'మేస్త్రీగారూ, ఒక్కసారి పెద్ద చెయ్యి వెయ్యండి' అని అడిగి మరీ వేయించుకునేవాళ్ళు. మరలు అరిగి ఎన్ని ఇంజన్లు పాడయ్యాయో ఎవరూ లెక్క పెట్టలేదు. కోడలు పెట్టింది. రెండు నెలల కిందట నలుగురి ముందూ ఆ మాట అనేసింది.

ఆ రోజు ఆయన ఒట్టు వేశాడు. "నీ టిక్కు పానా పడ్డ బండిని నేను ముట్టను. చిన్నోడి మీద ఒట్టు."

ఒట్టు ఎవరి మీద వేశాడో చూశారుగా.

షెడ్డులో పెద్దోడు అప్పటికే వచ్చి స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. మేస్త్రీ పెట్టె తెరిచి పానా బయటకు తీశాడు. చుట్టిన గుడ్డ కింద పడేశాడు. ఎదురుగా ఒక పాత బండి, వెనక చక్రం నట్టు తుప్పు పట్టి ఎర్రగా ఉంది.

"మామయ్యా, దాంతో విప్పకూడదు."

"పానా విప్పడానికి కాకపోతే ముద్దు పెట్టుకోవడానికా?"

"లోపల స్ప్రింగు పోతుంది. మామూలు పానా ఇస్తాను ఉండండి. ఇదిగో, ఇది తీసుకోండి. మామయ్యా!"

ఆయన సాకెట్ నట్టుకు పెట్టి, పిడికి గొట్టం తొడిగాడు. కుడికాలు గొట్టం మీద పెట్టి, బండి సీటు పట్టుకుని, ఎక్కి నిలబడ్డాడు.

పానా టిక్ అంది. ఆయన దిగి మళ్ళీ ఎక్కాడు. టిక్ అంది. మూడోసారి ఎగిరి దూకాడు. ఈసారి కటక్కుమని ఇంకేదో చప్పుడు వచ్చింది. నట్టు కదిలింది.

"పనికొచ్చేదేనే!" అన్నాడు మేస్త్రీ పానాను ఆమె చేతికిస్తూ. "అనవసరంగా ఇన్నాళ్ళు తిట్టాను."

పెద్దోడు నవ్వాడు. నాన్న జోకు వేస్తే నవ్వాలి కదా మరి. సగంలో పెళ్ళాం మొహం కంటపడి ఆపేశాడు.

ఆమె పిడిని చిన్న అంకెకు తిప్పింది. బల్లకు బిగించి ఉన్న వైసులో ఒక బోల్టు పట్టించి లాగి చూసింది. టిక్ అనలేదు. ఇంకా లాగింది. అనలేదు. ఈ మనుషుల ముందు ఏడవకూడదని పళ్ళు బిగపట్టింది.

"ఇంక షెడ్డులోకి రాకు," అన్నాడు మేస్త్రీ. "ఇంట్లో బోలెడు పని ఉంది, చేసుకో."

ఆమె వెళ్ళలేదు. మూలకు నడిచింది. అక్కడ పట్టా కప్పి చిన్నోడి బండి ఉంది. నిన్ననే తెచ్చి పడేశారు. ఆమెను దాని దగ్గరికి పోనివ్వలేదు. ఇప్పుడు పట్టా అంచు పట్టుకుని ఒక్క లాగు లాగింది.

"ఏయ్, ఏంటది?" అన్నాడు పెద్దోడు.

ముందు చక్రం వంకరపోయి ఉంది. ఎండిన మట్టి, ఇంకేవో మరకలు. కాలిపర్ ఒక్క బోల్టు మీద వేలాడుతోంది. తెగిన బోల్టు తల ఇంట్లో కంచంలో ఉంది, దాని మీద గీత ఎటు తిరిగిందో ఇక దేవుడికే తెలియాలి. రెండో బోల్టు మాత్రం ఉన్నచోటే ఉంది. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని బొటనవేలితో మట్టి తుడిచింది.

తుడిచేసరికి గీత బయటపడింది. తల మీద ఒక ముక్క, పక్కన ఇనుము మీద ఒక ముక్క. గీసినప్పుడు ఒకటే గీత. ఇప్పుడు రెండింటికీ పొంతన లేదు. మధ్యలో దాదాపు పావు చుట్టు ఎడం ఉంది. బిగిసే వైపుకే.

ఆమె గీత గీశాక ఎవరో ఆ బోల్టును మళ్ళీ లాగారు. పావు చుట్టు లాగారు. గొట్టం లేనిదే ఆ పని ఎవరివల్లా కాదు.

"ఏవండీ, ఇటు రండి," అంది. "ఒక్కసారి చూడండి."

పెద్దోడు వచ్చి వంగాడు. చూశాడు. పని తెలిసినవాడే, ఒక్క చూపు చాలు. అతని మొహంలో నెత్తురు చుక్క లేదు.

"పడ్డప్పుడు కదిలి ఉంటుంది," అన్నాడు.

"పడితే బోల్టు బిగుస్తుందా?"

పెద్దోడు పట్టా అంచు అందుకోబోయాడు.

"నా వైపు చూసి చెప్పండి. ఎవరు లాగారు?"

"నెమ్మదిగా మాట్లాడు."

"మీకు తెలుసు!"

పెద్దోడు వెనక్కి తిరిగి చూశాడు. మేస్త్రీ నీళ్ళ సీసా ఎత్తి తాగుతున్నాడు. "చూశాను," అన్నాడు పెద్దోడు, పెదవులు కదిలీ కదలనట్టు. "పొద్దున్నే. ఆ రోజు వాడు స్నానానికి వెళ్ళినప్పుడు. నాన్న గొట్టం పట్టుకుని కూర్చున్నాడు బండి దగ్గర."

"నాలుగు రోజులు! నాలుగు రోజుల నుంచి మీ అమ్మ నన్ను నమిలి ఉమ్ముతుంటే పక్కనే కూర్చుని అన్నం తింటున్నారా?"

"ఏం చెయ్యమంటావు? నీ పేరు పోతే పని మానేసి ఇంట్లో ఉంటావు. ఆయన పేరు పోతే ఆయనే ఉండడు. ఆలోచించు."

ఎంత బాగా ఆలోచించాడో బంగారు తండ్రి!

మేస్త్రీ సీసా మూత పెట్టి తిప్పి వచ్చాడు. బోల్టు వైపు చూడను కూడా లేదు. దాని మీద ఏముందో ఆయనకు ఎప్పుడో తెలుసు.

"పెద్దోడా, ఆ బోల్టు విప్పు."

"నాన్నా..."

"విప్పరా."

కోడలు బండికి అడ్డంగా చెయ్యి పెట్టింది. పెద్దోడు ఆ చెయ్యి పట్టుకుని పక్కకు తీశాడు. గట్టిగా కూడా పట్టుకోలేదు. ఆమె ఆ చేతిని కొంగుకు తుడుచుకుంది.

రింగు పానా పెట్టి లాగాడు. బోల్టు కదల్లేదు. రెండు చేతులతో లాగాడు. చెమట పట్టింది గానీ బోల్టు కదల్లేదు.

"నా చేత్తో బిగించింది అయితే ఈపాటికి వచ్చేది," అంది ఆమె. "గొట్టం కావాలేమో అడగండి మీ నాన్నగారిని."

మేస్త్రీ గొట్టం అందించాడు. బోల్టు కిర్రుమని కదిలి ఊడొచ్చింది. ఆయన దాన్ని తీసుకుని మూలనున్న తుక్కు డబ్బాలో వేశాడు. ఆ డబ్బాలో అలాంటివి వందలు. బయటికి వచ్చాక ఎర్ర మరక ఉన్న ఇనుప ముక్క అది, అంతే. ఇక ఏ గీతకూ ఏ గీతతో పని లేదు.

బయట ఎవరిదో బండి ఆగి, షెడ్డు తలుపు మూసి ఉండటం చూసి వెళ్ళిపోయింది.

"ఒట్టు వేశారు మామయ్యా," అంది ఆమె చివరికి. "వాడి మీదే వేశారు."

"వేశాను." ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. "అందరి బండ్లూ వదిలేశాను. రెండు నెలలు ముట్టలేదు. కానీ అది నా కొడుకు బండి. నా చెయ్యి పడకుండా ఎలా పంపించేది? పొద్దున్నే మెలకువ వచ్చింది. మనసాగలేదు. ఒక్క లాగు, అంతే. వాడి మంచికేగా!"

ఆ మాట చెప్పేటప్పుడు గొంతు వణికింది. ఆమెకు ఒక్క క్షణం జాలి కలిగింది. ఆ క్షణం అక్కడితో ఆగిపోయినా బాగుండేది.

"సాయంత్రం ఆస్పత్రికి రా," అన్నాడు మేస్త్రీ. గొంతు మళ్ళీ మామూలైంది. "పొద్దుట్నుంచి నీకోసమే అడుగుతున్నాడట. నీ నోటితోనే చెప్పాలి. పరాగ్గా ఉన్నాను, టిక్ అనకముందే గీత గీసేశాను అని చెప్పు."

"ఏంటి?"

"విన్నావుగా."

"చెయ్యని తప్పు చేశానని చెప్పాలా? వాడితోనా?"

"నువ్వు బయట నుంచి వచ్చినదానివమ్మాయ్. నీ మీద కోపం వస్తే నాలుగు తిట్లు తిట్టి ఊరుకుంటాడు. నా మీద వస్తే? రేపట్నుంచి వాడు లేవాలన్నా కూర్చోవాలన్నా నా భుజమే పట్టుకోవాలి. ఆ భుజం మీద చెయ్యి వెయ్యడానికి వాడికి అసహ్యం పుడితే వాడు లేవడు. అక్కడే పడుంటాడు. అది కావాలా నీకు?"

ఆమె పెద్దోడి వైపు చూసింది. పెద్దోడు గొట్టాన్ని గుడ్డతో తుడుస్తున్నాడు, శుభ్రంగా.

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే నీ సామాను నువ్వు సర్దుకో. వాడు అడ్డం రాడు." గడ్డంతో కొడుకును చూపించాడు. "ఏరా, అడ్డం వస్తావా?"

పెద్దోడు తుడుస్తూనే ఉన్నాడు.

పని పోయిందంటే ఆమె ఎలాగో తట్టుకునేది. ఇల్లు పోతుందన్నా తట్టుకునేదేమో. కానీ ఈ ప్రపంచంలో ఆమె చేతిని నమ్మింది ఒక్కడే ఒక్కడు. వాడు బతికినన్నాళ్ళూ లేని కాలిని తడుముకున్నప్పుడల్లా టిక్కు వదిననే తలుచుకుంటాడు. అది ఎలా తట్టుకోవాలి?

"మళ్ళీ చెప్పండి మామయ్యా," అంది మెల్లగా. "మీరు చెప్పమన్న మాట. అక్షరం పొల్లుపోకుండా చెప్పండి."

మేస్త్రీ చెప్పాడు. ఆమె విన్నది. తలూపింది.

* * *

ఆస్పత్రి గదిలో కిటికీకి పరదా లేదు. సాయంత్రపు ఎండ తిన్నగా మంచం మీద పడుతోంది. దుప్పటి కుడివైపు పాదం దాకా ఎత్తుగా ఉంది, ఎడమవైపు సగంలోనే మంచానికి అతుక్కుపోయింది. అత్తగారు సరిగ్గా ఆ ఖాళీ దగ్గరే, అది ఎవరికీ కనపడకూడదన్నట్టు కూర్చుని ఉంది.

కోడల్ని చూడగానే లేచింది. "ఇదెందుకు వచ్చింది? ఎవరు రమ్మన్నారు?"

"నేనే రమ్మన్నాను," అన్నాడు మేస్త్రీ. "కూర్చో నువ్వు."

చిన్నోడి పెదవులు ఎండిపోయి ఉన్నాయి. కళ్ళు మాత్రం తేటగా ఉన్నాయి. నాలుగు రోజుల మత్తు ఇవాళే దిగింది.

"టిక్కు వదినా," అన్నాడు. "ఇన్నాళ్ళు రాలేదేం?"

పెద్దోడు తలుపుకు చేరబడ్డాడు. మేస్త్రీ మంచం పక్కన నిలబడి, నీళ్ళ సీసా మూత తీస్తున్నాడు, మళ్ళీ బిగిస్తున్నాడు. తీస్తున్నాడు, బిగిస్తున్నాడు. తాగడం లేదు.

"చెప్పమ్మాయ్," అన్నాడు.

"ఏం చెప్పాలి?" చిన్నోడు తండ్రిని, వదినను మార్చి మార్చి చూశాడు.

ఆమె మంచానికి రెండడుగుల దూరంలో ఆగింది. చేతులు కట్టుకుంది. పాఠం ఒప్పజెప్పినట్టు చెప్పింది.

"నీ బండి పని చేసేటప్పుడు పరాగ్గా ఉన్నాను చిన్నా. టిక్ అనకముందే గీత గీసేశాను. తప్పు నాదే."

అత్తగారు నోరు నొక్కుకుంది. "విన్నావా నాయనా! విన్నావా! ఇంత చేసి, ఎలా నిలబడి చెబుతోందో చూడు, కన్నీటి చుక్కైనా లేదు."

చిన్నోడు వదిన మొహంలోకే చూస్తున్నాడు. ఆమె కళ్ళు దించలేదు.

"అదేంటి వదినా," అన్నాడు చివరికి. "నేనక్కడే ఉన్నాను కదా. లైటు పట్టుకున్నది నేనేగా. రెండు బోల్టులు, రెండుసార్లు టిక్ అన్నాయి. రెండోసారి నీకన్నా ముందు నేనే టిక్ అన్నాను, నువ్వు నవ్వావు కూడా. అప్పుడు గీశావు గీత. నా కళ్ళ ముందే."



ఆ సంగతి ఆమెకు గుర్తుంది. లైటు పట్టుకున్నది ఎవరో షెడ్డులో మామగారు మాటలు నేర్పుతున్నప్పుడూ గుర్తుంది. ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. చెప్పమన్నది చెప్పింది, ఒక్క అక్షరం తేడా లేకుండా.

"ఎందుకు అబద్ధం చెబుతున్నావు?" చిన్నోడి గొంతు పెరిగింది. "ఎవరు చెప్పమన్నారు? నువ్వు గీత గీశాక నా బండి ఎవరు ముట్టుకున్నారు? అన్నయ్యా! నువ్వా?"

"నేను కాదు!" పెద్దోడు ఉలిక్కిపడి అరిచేశాడు. నాలుగు రోజుల్లో అతను గట్టిగా అన్న మొదటి మాట అదే. అన్నాక, అనకుండా ఉండాల్సిందని తెలిసి, నేల చూపులు చూశాడు.

"ఊరుకో నాన్నా, ఊరుకో, ఆయాసపడకు," అంటూ అత్తగారు కంగారుగా లేచింది. "నీళ్ళు తాగు ముందు." మేస్త్రీ చేతిలోంచి సీసా లాక్కుని కొడుకు చేతికిచ్చింది.

చిన్నోడు మూత తిప్పాడు. రాలేదు. సీసాను ఛాతీకి ఆనించుకుని మళ్ళీ తిప్పాడు. వేళ్ళు తెల్లబడ్డాయి గానీ మూత కదల్లేదు.

"ఇలా తే," అని అత్తగారు అందుకుంది. తనూ తిప్పింది. అలవాటు కొద్దీ ప్లయరు కోసం పక్కన చేత్తో తడిమింది. అలవాటు కొద్దీ విసుక్కుంది.

"ఖర్మ! ఈయన మూసిన మూత తీయడానికి..."

మిగిలిన మాట ఆవిడ నోట్లోనే ఉండిపోయింది. చేతిలో సీసాను చూసింది. మొగుణ్ణి చూసింది. పొద్దున కంచంలో తను వడ్డించింది ఏమిటో ఆవిడకు అప్పుడు గుర్తొచ్చి ఉండాలి, ఎందుకంటే మెల్లగా తల తిప్పి కోడలి వైపు చూసి, చూడలేక కళ్ళు మూసుకుంది.

చిన్నోడు తల్లి చేతిలోంచి సీసా వెనక్కి తీసుకున్నాడు. మూత వంక చూశాడు, తండ్రి చేతుల వంక చూశాడు.

"నాన్నా," అన్నాడు.

"ఇలా ఇవ్వరా," అన్నాడు మేస్త్రీ చెయ్యి చాచి. "నేను తీస్తాను. ఇవ్వరా."

చాచిన చెయ్యి గాలిలోనే ఉంది. చిన్నోడు సీసా ఇవ్వలేదు.